క్రాప్‌వాట్ 24 రోజులకో తడి చాలంటోంది, డ్రిప్ మక్కకు ఇదెట్లా కుదురుతుంది?

చల్కమడి (ప్రశ్న)

నాగర్‌కర్నూల్ పక్కన 3 ఎకరాల ఎర్ర చల్క, యాసంగి మక్క. అక్టోబర్ 25న విత్తనం పడింది, 125 రోజుల పంట. అరమీటరు దాకా మట్టి, ఆ కింద మొరం. డ్రిప్ ఇట్లా ఉంది: 16 మి.మీ. లాటరళ్లు (సాళ్ల వెంట పరిచే డ్రిప్ పైపులు), వాటి మధ్య 1.2 మీటర్లు, 40 సెం.మీ.కో డ్రిప్పర్, ఒక్కోటి గంటకు 2 లీటర్లది. లాటరల్‌కు రెండు పక్కలా ఒక్కో సాలు. అరెకరానికో గేట్ వాల్వ్, మొత్తం ఆరు. బోరు నీళ్లు డ్రమ్ముతో కొలిస్తే గంటకు 9,000 లీటర్లు.

ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ల క్రాప్‌వాట్ 8.0 అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో లెక్క వేశాను, పంటకు ఎంత నీరు కావాలో అది చెబుతుంది. వాతావరణం నాసా పవర్ సైట్‌లో పొలం అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి తీసుకున్న నెలవారీ సగటులు. డిసెంబర్‌కు నేను నింపినవి: గరిష్ఠం 30, కనిష్ఠం 16, తేమ 58 శాతం, గాలి 1.7, ఎండ 8.5 గంటలు. ఎత్తు 450 మీటర్లు. ఈటీఓ (పచ్చిక నేల నుంచి రోజుకు ఎగిరే నీరు, పంట లెక్కకు ఇదే కొలమానం) 2.66 మి.మీ. అని వచ్చింది. పంటకు దాంట్లో ఉన్న మక్క ఫైలే, దశలు 20, 35, 40, 30 రోజులు. నేలకు ‘రెడ్ శాండీ లోమ్’ ఫైలు.

షెడ్యూల్ నొక్కితే జల్లు, కంకి దశలో 24 రోజులకో తడి, నికరంగా (వేరుకు అందేది) 77 మి.మీ., మొత్తంగా (వృథాతో కలిపి పెట్టాల్సింది) 110 మి.మీ. అంటోంది. చుట్టుపక్కల డ్రిప్ ఉన్నవాళ్లు రోజు విడిచి రోజు రెండు మూడు గంటలు వదులుతున్నారు. వాళ్లు అడ్డగోలుగా పారిస్తున్నారా, ప్రోగ్రామే తప్పా? దీంట్లో డ్రిప్ అని చెప్పే చోటు ఎక్కడుంది? మి.మీ.లను వాల్వ్ తిప్పే గంటల్లోకి ఎట్లా మార్చాలి?

ఈటీలెక్కలు

మూడు వేర్వేరు పొరపాట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ప్రోగ్రామ్ లెక్క తప్పు చెయ్యలేదు, మీరు చెప్పనివి తనే ఊహించుకుంది.

మొదటిది గాలి. మీరు రాసిన 1.7 దేంట్లో? నాసా పవర్ గాలిని సెకనుకు మీటర్లలో ఇస్తుంది. క్రాప్‌వాట్, మనం మార్చకపోతే, రోజుకు కిలోమీటర్లలో అడుగుతుంది. సెకనుకు 1 మీటరంటే రోజుకు 86.4 కి.మీ., అంటే మీ 1.7ను 147గా కొట్టాలి. 1.7 అనే కొట్టారు కాబట్టి రోజు మొత్తంలో గాలి రెండు కిలోమీటర్లు కూడా కదల్లేదని అది అనుకుంది. ఈటీఓ కట్టే పెన్‌మన్-మాంటీత్ సూత్రంలో రెండు పాళ్లుంటాయి: ఎండ వేడికి ఎగిరే నీరు ఒకటి, గాలీ పొడిదనమూ కలిసి లాక్కునే నీరు రెండోది. మీ లెక్కలో రెండోది దాదాపు సున్నా అయిపోయింది. 147 పెట్టి చూడండి, డిసెంబర్ ఈటీఓ 3.84 వస్తుంది.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ కంకి దశలో కేసీ (పంట తాగే నీటి కోసం ఈటీఓను గుణించే అంకె) 1.20. పాత లెక్కన రోజుకు 3.2 మి.మీ., సరైన లెక్కన 4.6. ఆ దశ 40 రోజులు. రోజుకు 1.4 చొప్పున 56 మి.మీ. లోటు. ఎకరం మీద 1 మి.మీ. అంటే 4,047 లీటర్లు, అంటే ఎకరానికి 2.27 లక్షల లీటర్లు తక్కువ పెట్టినట్టు. పైన మట్టి తడిగానే ఉంటుంది, ఆకు మధ్యాహ్నం చుట్టుకుంటుంది, కంకి కొనలో గింజ పట్టదు. అప్పుడు అందరూ ఎరువును తిడతారు.

గాలి విషయంలో ఇంకో రెండు గుంతలున్నాయి. వాతావరణ బులెటిన్లలో గాలి గంటకు కి.మీ.లలో ఉంటుంది, దాన్ని 24తో గుణించాలి. ఇక ఈటీఓ లెక్కకు నేల నుంచి 2 మీటర్ల ఎత్తున వీచే గాలి కావాలి. 10 మీటర్ల స్తంభం మీద కొలిచిందైతే 0.75తో, 3 మీటర్ల మీదదైతే 0.92తో గుణించండి. నాసా పవర్‌లో 2 మీటర్లదీ 10 మీటర్లదీ రెండూ దొరుకుతాయి, 2 మీటర్లదే దించుకోండి.

ఎండ గంటలు 8.5 అని ఎక్కడిదో తెచ్చి వేసినట్టున్నారు. నాసా పవర్ ఇచ్చేది సౌర వికిరణం, గంటలు కాదు. ఆ అంకె మెగాజౌళ్లలో ఉందో కిలోవాట్ గంటల్లో ఉందో ముందు చూడండి, 1 కిలోవాట్ గంట 3.6 మెగాజౌళ్లు. తర్వాత తిప్పి గంటల్లోకి మార్చాలి:

ఎండ గంటలు = పగటి గంటలు × (నేలకు చేరిన వికిరణం ÷ వాతావరణం పైన ఉండే వికిరణం − 0.25) ÷ 0.5

మీ అక్షాంశంలో డిసెంబర్ నడుమ పగలు 11 గంటలు, పైన ఉండే వికిరణం 27.6 మెగాజౌళ్లు. నేలకు 17.5 చేరితే 8.5 గంటలు వస్తుంది. కాబట్టి మీ అంకె ఫర్వాలేదు, కానీ ప్రతి నెలకూ ఇట్లా మార్చాలి.

తప్పు పట్టుకోవడానికి అడ్డదారి కూడా ఉంది. దగ్గర్లోని పరిశోధనా స్థానంలో పాన్ ఎవాపొరేషన్ (తెరిచిన తొట్టిలోంచి రోజుకు ఎగిరిన నీరు) అంకె ఉంటే దాన్ని 0.7తో గుణించండి, ఈటీఓ దాని చుట్టుపక్కలే ఉండాలి. మన మెట్ట ప్రాంతంలో డిసెంబర్‌కు 3 కంటే తక్కువో 6 కంటే ఎక్కువో వచ్చిందంటే వాతావరణాన్ని కాదు, యూనిట్లను అనుమానించండి.

రెండోది నేల లోతు. క్రాప్‌వాట్ నేల ఫైళ్లలో వేరు పోగల గరిష్ఠ లోతు 900 సెం.మీ. అని ఉంటుంది. అంటే నేల అడ్డు రాదని అర్థం, వేరు ఎంత పోతుందో పంట ఫైలు చెబుతుంది. మక్క ఫైలులో అది 1 మీటరు. మీకేమో 50 సెం.మీ. కింద మొరం. లేని అరమీటరు మట్టిలో ఉన్న నీటిని మొక్క తాగుతుందని లెక్క వేస్తే ఎట్లా? ఆ 900ను 50 చెయ్యండి.

రెడ్ శాండీ లోమ్‌లో మీటరు లోతుకు 140 మి.మీ. నీరు పడుతుంది. అరమీటరుకు 70. అందులో మక్క ఇబ్బంది పడకుండా వాడుకోగలిగేది 55 శాతం, అంటే 38 మి.మీ. రోజుకు 4.6 చొప్పున 8 రోజులు. చూశారా, 24 రోజులు 8 రోజులయ్యాయి, ఇంకా డ్రిప్ మాటే ఎత్తలేదు.

మూడోది షెడ్యూల్ ఆప్షన్. మనం ఏమీ ముట్టుకోకపోతే అది ‘క్లిష్ట స్థాయికి నీరు తగ్గినప్పుడే తడి పెట్టు, ఫీల్డ్ కెపాసిటీ (నేల పట్టి ఉంచగలిగినంత నీరు) దాకా నింపు, సామర్థ్యం 70 శాతం’ అని పట్టుకుంటుంది. కాలువ కట్టి మడి నింపేవాడి లెక్క అది. మీ 77, 110 అంకెలు అక్కడివే (77 ÷ 0.7). డ్రిప్ అని విడిగా బటన్ లేదు. షెడ్యూల్ ఆప్షన్లలో తడి సమయాన్ని ‘దశకో స్థిర వ్యవధి’ అని మార్చి నాలుగు దశలకూ 2 రోజులు ఇవ్వండి. పరిమాణం ‘ఫీల్డ్ కెపాసిటీ దాకా’ అలాగే ఉంచండి. సామర్థ్యం 90 పెట్టండి.

వాన సంగతి: యాసంగికి ఎఫెక్టివ్ రెయిన్ (పంటకు దక్కే వాన) పద్ధతుల్లో ‘వానను లెక్కలోకి తీసుకోవద్దు’ ఎంచుకోండి. నెలవారీ సగటు ఇస్తే అది ఆ వానను పది రోజులకు రెండు జల్లులుగా విడగొట్టి 3న, 7న, 13న, 17న అంటూ కురిపిస్తుంది. మన నవంబర్ వాన అట్లా రాదు. వస్తే తుపానుతో ఒకేసారి, లేకుంటే చుక్క ఉండదు.

గేట్‌వాల్వ్

పై లెక్క సరే. దాన్ని వాల్వ్ దగ్గరికి తెస్తాను.

గంటకు పడే నీరు = డ్రిప్పర్ లీటర్లు ÷ (లాటరళ్ల దూరం × డ్రిప్పర్ల దూరం)
2 ÷ (1.2 × 0.4) = గంటకు 4.17 మి.మీ.

కంకి దశలో రెండు రోజులకు నికరంగా 9.2 మి.మీ., 0.9తో భాగిస్తే 10.2. దాన్ని 4.17తో భాగిస్తే 2 గంటల 27 నిమిషాలు. మీ పక్కవాళ్లు అడ్డగోలుగా ఏమీ పారించడం లేదు, మీటరు లేకపోయినా లెక్క దగ్గరికే వచ్చారు.

బోరు సరిపోతుందా చూడండి. అరెకరంలో లాటరల్ పొడవు 1,686 మీటర్లు, డ్రిప్పర్లు 4,215, గంటకు 8,430 లీటర్లు. బోరు 9,000. ఒక్క వాల్వ్ తెరిస్తే సరిగ్గా సరిపోతుంది, రెండు తెరిస్తే రెండూ చెడతాయి. రోజుకు మూడు వాల్వులు, ఒక్కోటి రెండున్నర గంటలకు కాస్త తక్కువ, మొత్తం 7 గంటల 20 నిమిషాల మోటారు.

పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అని ముక్కలు చెయ్యకండి. 16 మి.మీ. పైపు లోపలి వ్యాసం 14 మి.మీ. అనుకుంటే మీటరుకు 0.15 లీటరు పడుతుంది. అరెకరం లాటరళ్లు నిండడానికే 260 లీటర్లు. ఆపిన ప్రతిసారీ అవి పల్లపు కొసలో కారిపోతాయి. మళ్లీ నిండేదాకా కొస డ్రిప్పర్లకు ఒత్తిడి ఉండదు. గంట తడిలో ఇది 3 శాతం, అదీ పల్లంలో ఉన్న సాళ్లకే ప్రతిసారీ దక్కుతుంది.

ఇక డ్రిప్పర్ మీద 2 లీటర్లని రాసి ఉన్నంత మాత్రాన 2 లీటర్లు రాదు. ఒక్కో వాల్వ్ కింద నాలుగు లాటరళ్లు ఎంచుకోండి: సబ్ మెయిన్ (లాటరళ్లకు నీళ్లిచ్చే పైపు) మొదట్లో ఒకటి, చివర ఒకటి, మధ్యలో రెండు. ఒక్కోదాని మీద మొదలు, మూడో వంతు, మూడింట రెండు వంతులు, కొస. మొత్తం 16 చోట్ల డ్రిప్పర్ కింద గుంత తీసి గిన్నె పెట్టండి. లైను నిండి ఒత్తిడి నిలబడ్డాక 6 నిమిషాలు పట్టండి. 200 మి.లీ. రావాలి. పదహారింటిలో తక్కువ వచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించండి. 0.9 పైన ఉంటే మంచిది. 0.8 కంటే దిగితే ముందు ఫిల్టర్, తర్వాత లాటరల్ కొసలు విప్పి కడగడం, తెల్లటి సున్నం పేరుకుంటే యాసిడ్ ట్రీట్‌మెంట్. సగటు 160 మి.లీ. అని తేలితే మీ డ్రిప్పర్ 1.6 లీటర్లది. 2 గంటల 27 నిమిషాలు కాదు, 3 గంటల 4 నిమిషాలు తిప్పాలి. కంప్యూటర్‌లో రెండో దశాంశం దాకా చూసుకుని ఇక్కడ ఇరవై శాతం వదిలేసేవాళ్లే ఎక్కువ.

కోస్తారేగడి

చిన్న మాట. 24 రోజులు అనే అంకె అంత నవ్వాల్సినదేమీ కాదండి. లోతైన నల్లరేగడికి మీటరుకు 200 మి.మీ., వేరు మీటరు పోతే వాడుకోగలిగేది 110 మి.మీ., రోజుకు 4.6 చొప్పున సరిగ్గా 24 రోజులే. అయితే కృష్ణా డెల్టాలో వరి మాగాణుల్లో దున్నకుండా వేసే మొక్కజొన్నకు ఇది నమ్మి కూర్చోకూడదు. దమ్ము చేసిన గట్టి పొర కింద వేరు అంత దిగదు. 70 సెం.మీ. అనుకుంటే 77 మి.మీ., ఫిబ్రవరి, మార్చిల్లో రోజుకు 6 మి.మీ. లాగితే 13 రోజులు. పార పెట్టి తవ్వి వేరు ఎక్కడిదాకా ఉందో చూసి ఆ అంకె వెయ్యాలి, పుస్తకంలోది కాదు.

ఈటీలెక్కలు గారికి నా అనుమానం ఒకటి. 70 మి.మీ. నిల్వ అన్నారు. డ్రిప్ పొలమంతా తడపదు కదా?

ఈటీలెక్కలు

మంచి చోట పట్టారు. రెండు లీటర్ల డ్రిప్పర్, ఇసుక పాలున్న ఎర్రనేల. లాటరల్ పొడవునా తడి పట్టీ వెడల్పు 50–60 సెం.మీ. ఉంటుంది, 1.2 మీటర్లలో సగం. నీటి ట్యాంకు సగమే. 38 మి.మీ. కాస్తా 19 అవుతుంది. రోజుకు 4.6 చొప్పున 4 రోజులు. క్రాప్‌వాట్‌కు ఈ పట్టీ సంగతి తెలియదు, పొలమంతా సమంగా తడిసిందనే అనుకుంటుంది. అందుకే దాంట్లో 8 రోజులు కనిపించినా మీరు 4 దాటొద్దు. 2 రోజుల వ్యవధి పెట్టమన్నది ఇందుకే: ఒక రోజు మోటారు కాలినా, లైను పగిలినా ఇంకో రెండు రోజులు చేతిలో ఉంటాయి.

తడి పట్టీ ఎంతుందో ఊహించనక్కర్లేదు. తడి పెట్టిన మర్నాడు లాటరల్‌కు అడ్డంగా అడుగున్నర లోతు కందకం తియ్యండి. రంగు తేడా గీత గీసినట్టు కనిపిస్తుంది. పైన కాదు, 20 సెం.మీ. లోతున వెడల్పు కొలవండి.

చల్కమడి

అన్నలకు ధన్యవాదాలు. గాలి 147, లోతు 50, వ్యవధి 2, సామర్థ్యం 90 పెట్టాను. డిసెంబర్ ఈటీఓ 3.84, కంకి దశలో రెండు రోజులకు మొత్తం 10.2 వచ్చింది. పంట మొత్తానికి 426 మి.మీ. నికరం, అంటే బోరు నుంచి 473, ఎకరానికి 19 లక్షల లీటర్లు. నమ్మేటట్టే ఉంది.

నాలుగు అనుమానాలు మిగిలాయి. మొదటి 20 రోజులకు రెండు రోజులకు 2.8 మి.మీ. అంటోంది, అంటే 40 నిమిషాలు. ఇది మొలకకు సరిపోతుందా? నడుమ వాన పడితే మళ్లీ ప్రోగ్రామ్ తెరవాలా? జనవరిలో బోరు 6,000కు పడిపోతే ఏం చెయ్యాలి? ఆక్వాక్రాప్ అని ఇంకోటుంది కదా, అది మేలా?

గేట్‌వాల్వ్

మొలకకు 40 నిమిషాలు చాలదు. అది మొక్క తాగే లెక్క, విత్తనం దాకా తడి పాకే లెక్క కాదు. సాలు లాటరల్‌కు 20–25 సెం.మీ. దూరంలో ఉంటే మొదటి తడి 4 గంటలు వదలండి, పక్కపక్క డ్రిప్పర్ల తడి గుండ్రాలు కలిసిపోయి సాలు దాటాలి. మొలక పైకి వచ్చేదాకా సాలు మీద మట్టి ఆరనివ్వొద్దు. తర్వాతే 40 నిమిషాల లెక్కలోకి దిగండి.

బోరు తగ్గితే గంటలు పెంచడం ఒక్కటే చాలదు. 6,000 లీటర్లతో 8,430 అడిగే వాల్వ్ తెరిస్తే ఒత్తిడి పడిపోయి కొసకు చేరదు. అరెకరాన్ని సబ్ మెయిన్ మధ్యలో ఇంకో వాల్వ్ వేసి పావెకరాలు చెయ్యండి, లేదా కొన్ని లాటరళ్లను మడిచి కట్టి వంతులు పెట్టండి. అయితే పావెకరం అడిగేది 4,215, బోరు ఇచ్చేది 6,000. మిగిలింది బైపాస్‌లో బావిలోకో తొట్టిలోకో పోవాలి. అందుకే మడిచి కట్టడమే నయం: పది లాటరళ్లలో మూడు మడిస్తే 5,900.

ఈటీలెక్కలు

జనవరిలో రోజుకు 4.8 మి.మీ. అనుకోండి. మూడెకరాలకు 0.9 సామర్థ్యంతో రోజుకు 64,750 లీటర్లు, 6,000 బోరుతో 10 గంటల 50 నిమిషాలు. కరెంటు ఉండి బోరు ఆగకుండా పోస్తే ఫర్వాలేదు. పోయకపోతే ఎక్కడ కోత వెయ్యాలో మక్క విషయంలో అనుమానమే లేదు. ఎఫ్‌ఏఓ 1979లో వేసిన 33వ పత్రంలో దిగుబడి స్పందన అంకెలున్నాయి: ఎదిగే దశకు 0.4, పూతకు 1.5, గింజ పోసుకునే దశకు 0.5, పండే దశకు 0.2. నీరు 20 శాతం తగ్గిస్తే ఎదిగే దశలో దిగుబడి 8 శాతం పోతుంది, జల్లు–పీచు దశలో 30 శాతం, చివర్లో 4 శాతం. మీ విత్తనం తేదీతో డిసెంబర్ మూడో వారం నుంచి జనవరి మొదటి వారం దాకా జల్లు, పీచు. ఆ మూడు వారాలు ఒక్క తడి కూడా తప్పొద్దు. ఫిబ్రవరిలో పొర ఎండుతున్నప్పుడు ధారాళంగా కొయ్యొచ్చు.

మొదటి దశ కేసీ 0.3 మీద మాట. ఎప్పుడో ఒకసారి తడిసే ఒట్టి నేలకు అది సరిపోతుంది. రెండు రోజులకోసారి తడిపితే నేల మీద ఆవిరి పెరిగి కేసీ 0.8 దాకా పోతుంది, కానీ డ్రిప్ తడిపేది సగం లోపే. సగంతో గుణిస్తే 0.4. కాబట్టి 0.3 కాస్త తక్కువ, 40 నిమిషాలను 50 చేసుకోండి, గొడవ ఉండదు.

వానకు ప్రోగ్రామ్ తెరవనక్కర్లేదు. నోట్‌బుక్‌లో నాలుగు గడులు చాలు: తేదీ, ఆ రోజు పంట తాగింది, వాన, లోటు. నేటి లోటు = నిన్నటి లోటు + తాగింది − వాన − నికర తడి. సున్నా కంటే దిగితే సున్నాయే రాయాలి. మచ్చుకు:

డిసెంబర్ 20: పొద్దున తడి, లోటు 0. సాయంత్రానికి 4.6.
21: 9.2.
22: పొద్దున 2 గంటల 27 నిమిషాల తడి, 0. సాయంత్రానికి 4.6.
23: మబ్బు, పంట తాగింది 3.4. వాన 12 మి.మీ. 4.6 + 3.4 − 12 = −4, అంటే 0.
24: 4.6. ఈ రోజు తడి వద్దు.
25: 9.2.
26: పొద్దున తడి.

వాన మిగిల్చిన ఆ 4 మి.మీ. వృథా అనుకోకండి, సాళ్ల నడుమ పొడి పట్టీలోకి పోయింది, అక్కడికీ కొన్ని వేళ్లు పాకుతాయి. కానీ దాన్ని లెక్కలో వేసుకోవద్దు. ఈటీఓలో ఐదో వంతు లోపు జల్లును, మనకు 1 మి.మీ. లోపు అనుకోండి, అసలు రాయొద్దు. ఆకు మీదే ఆరిపోతుంది. వాన కొలిచే గాజు గొట్టం పొలంలోనే ఉండాలి, మండల కేంద్రంలో పడ్డ వాన మీ మడిలో పడకపోవచ్చు.

వారానికోసారి ఈ లోటును నేలతో సరిచూడండి. లాటరల్‌కు 15 సెం.మీ. పక్కన, 25 సెం.మీ. లోతున టెన్షియోమీటర్ (నేల నీటిని ఎంత గట్టిగా పట్టుకుందో చూపే మీటరు, అంకె పెరిగితే నేల ఆరినట్టు) ఉంటే ఎర్ర ఇసుక నేలలో 25–30 సెంటీబార్ల దగ్గర తడి పెట్టాలి. నోట్‌బుక్ 9 మి.మీ. లోటు అంటుంటే మీటరు 10 మీదే కూర్చుంటే మీరు ఎక్కువ పోస్తున్నారు. మీటరు 60 చూపిస్తే డ్రిప్పర్ మూసుకుంది, లేదా కేసీ చాలలేదు. 80 దాటితే గొట్టంలోకి గాలి దూరి పని మానేస్తుంది, నీళ్లు నింపి గాలి తీసి మళ్లీ పెట్టాలి.

కోస్తారేగడి

ఆక్వాక్రాప్ గురించి. అది క్రాప్‌వాట్‌కు కొత్త వెర్షన్ కాదు, ప్రశ్నే వేరు. క్రాప్‌వాట్ ఎంత నీరు కావాలో చెబుతుంది. ఆక్వాక్రాప్ ఇంత నీరు పెడితే ఎంత పండుతుందో చెబుతుంది. ఆకు నేలను ఎంత కప్పిందో రోజురోజుకూ పెంచుకుంటూ పోతుంది, నేల నుంచి పోయే ఆవిరినీ ఆకు నుంచి పోయేదాన్నీ విడదీస్తుంది. డ్రిప్‌కు మేలైన సంగతి ఒకటుంది: తడిసే నేల శాతం అడుగుతుంది. మొరం పొర ఎంత లోతున ఉందో కూడా చెప్పొచ్చు.

పొరపాటు జరిగే చోటు పంట ఫైలు. దాంట్లో ఉన్న మొక్కజొన్న అమెరికాలో, కాలిఫోర్నియా డేవిస్‌లో సరిచూసినది. రోజుల లెక్కతో నడిపితే మన చలికాలంలో మొలక, పూత తేదీలు కుదరవు. వేడి దినాల (రోజుల బదులు రోజూ కూడే వేడితో పంట ఎదుగుదలను కొలిచే) లెక్కకు మార్చి (కనిష్ఠం 8, పై హద్దు 30 డిగ్రీలు) మీ పొలంలో జల్లు వచ్చిన తేదీతో సరిపెట్టాకే మిగతాది నమ్మండి. వాతావరణం నెలవారీ సగటు కాకుండా రోజువారీ ఇవ్వాలి. ఈ సీజన్‌కు మీకు అది అక్కర్లేదు. వచ్చే యాసంగికి మూడెకరాలూ వేయాలా, ఉన్న బోరుతో రెండే వేయాలా అని తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది.

చల్కమడి

ముందుగా రెండు వాల్వుల కింద గిన్నెలు పెట్టాను. ఒకటో వాల్వ్‌లో 16 గిన్నెల సగటు 192 మి.లీ., తక్కువ వచ్చిన నాలుగింటి సగటు 176. ఆరో వాల్వ్‌లో సగటు 158, తక్కువవి నాలుగు 109.

గేట్‌వాల్వ్

ఒకటోది 0.92, బాగుంది. 2 గంటల 33 నిమిషాలు తిప్పండి. ఆరోది 0.69. దానికి ఇప్పుడే గంటలు పెంచకండి, పెంచితే మొదట్లో ఉన్న సాళ్లు మునిగి యూరియా మొరంలోకి దిగుతుంది, కొస మాత్రం అట్లాగే ఉంటుంది. సబ్ మెయిన్ కొసన ఫ్లష్ వాల్వ్ తెరిచి నీళ్లు తేటపడేదాకా వదలండి, తర్వాత లాటరళ్లు ఐదైదుగా కొసలు విప్పి కడగండి. అన్నీ ఒకేసారి విప్పితే నీటికి వేగం రాదు, మురికి కదలదు. కడిగాక మళ్లీ అవే 16 చోట్ల పట్టి అంకెలు ఇక్కడ పెట్టండి. అప్పటికీ కొస గిన్నెలే తక్కువుంటే ఒత్తిడి సమస్య, గేజి పెట్టి కొసలో 1 కిలో ఒత్తిడి ఉందో లేదో చూడాలి. ఎక్కడపడితే అక్కడ తక్కువుంటే డ్రిప్పర్‌లో సున్నం.